కరివేపాకు మీద ప్రభుత్వ అతిథి

సోమిదేవరంలో ఒకరోజు పొద్దున్నే పిట్ట రెట్ట నడిచింది.

నడిచింది వీరవేణి పెరట్లో, కరివేపాకు చెట్టు మీద. పప్పుచారు తాలింపుకి నాలుగు రెబ్బలు తుంచుకుందామని వెళ్ళిన ఆవిడకి ఓ ఆకు మీద నల్లగా తెల్లగా రెట్ట కనిపించింది. "ఊరంతా వదిలేసి ఈ పిచ్చుకలకి నా చెట్టే దొరికింది" అని సణుక్కుంటూ చీపురుపుల్లతో గీకబోయింది. రెట్ట తల ఎత్తింది. పుల్లకి అందకుండా ఆకు అంచుకి జరిగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ రెట్టలా పడుకుంది.

"ఏవండోయ్, ఇలా రండి. రెట్ట నడుత్తంది" అని వీరవేణి మొగుణ్ణి కేకేసింది. ఆ కేక వేయకుండా ఊరుకుంటే ఈ కథ లేదు, ఆ చెట్టు ఉండేది.

వీరవేణికి మార్కెట్ వీధిలో కర్రీ పాయింటు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. కర్రీ పాయింట్లు సోమిదేవరంలో వీధికి రెండున్నాయి గాని, వీరవేణి దగ్గరకు జనం వచ్చేది కరివేపాకు కారప్పొడి కోసం. కూర బాగోలేని రోజున కూడా ఆ పొడి కోసం వచ్చేవాళ్ళు. కొట్టు పెట్టిన ఏడాది తన చేత్తో నాటుకున్న చెట్టు అది. బజార్లో కొన్న ఆకుతో చేసినా పొడి అవుతుంది, కాకపోతే అది వీరవేణి పొడి కాదు. ఆ సంగతి తినేవాళ్ళకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మొగుడు గవర్రాజు కూర ప్యాకెట్లకు రబ్బరుబ్యాండ్లు వేస్తాడు. వేయనప్పుడు ఫోను చూస్తాడు. నడిచే రెట్టను చూడగానే ఆయన ఆ రెండో పనిలోకి దిగి, ఫోటో తీసి, ప్రభుత్వం వారి యాప్‌లో పెట్టేశాడు.

ఆ రోజుల్లో ప్రభుత్వానికి ప్రాణుల మీద ప్రేమ ముంచుకొచ్చింది. 'ప్రతి పెరడూ ప్రాణివనం' అని పథకం పెట్టారు. ఎవరి పెరట్లో కనిపించిన ప్రాణిని వారు ఫోటో తీసి పంపాలి. అది ఏ ప్రాణో, ఏ మొక్కను పట్టుకుని బతుకుతోందో మున్సిపాలిటీ తేల్చాలి. ఎక్కువ ప్రాణుల్ని తేల్చిన ఊరికి షీల్డు ఇస్తారు. జిల్లా మొత్తం మీద సోమిదేవరం అట్టడుగున ఉంది. ప్రాణులు లేక కాదు. దోమల్ని చూపిస్తే పరిశుభ్రత షీల్డు పోతుంది. కుక్కల్ని చూపిస్తే, వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించేశామని పంపిన రిపోర్టు అబద్ధమైపోతుంది. పందుల్ని కాగితం మీద ఎప్పుడో ఊరి పొలిమేర దాటించేశారు. అన్నీ పోగా మిగిలింది సున్నా. "మీ ఊళ్ళో మీరు తప్ప వేరే ప్రాణి లేదాండీ" అని కలెక్టరు నిండు సమావేశంలో అడిగారని, ఆ పూట కమిషనర్ గారికి అన్నం సయించలేదని చెప్పుకున్నారు.

అందుకని గవర్రాజు ఫోటో పెట్టిన గంటలో జోగారావు మోటారుసైకిలు వేసుకుని దిగాడు. ఈయన ఇంటిపన్నుల విభాగంలో పనిచేస్తూ, అదనపు బాధ్యతగా జీవవైవిధ్య నోడల్ అధికారి అయ్యాడు. ప్రాణుల్లో ఆయనకు సమగ్రంగా తెలిసింది పులస ఒక్కటే, అదీ ఇగురులో.

"ఏమ్మా, సదరు ప్రాణి ఇదేనా?"

"ఇదేనండి సదరు. గొంగళి పురుగనుకుంటానండి" అంది వీరవేణి.

"మీరు అనుకోకూడదమ్మా. గొంగళి పురుగైతే ఒంటి మీద గొంగళి ఉండాలి. దీనికి బొచ్చే లేదు. జాతి ఏమిటన్నది పైవారు నిర్ధారిస్తారు. ఇంతకీ ఈ చెట్టు పేరు?"

"కరివేపాకండి."

"అని మీరంటున్నారు."

ఆయన వేళాకోళం ఆడుతున్నాడేమోనని వీరవేణి మొహంలోకి చూసింది. అలాంటిదేమీ లేదు. "వాసన చూడండి బాబూ, తెలిసిపోద్ది" అంది.

"వాసన రికార్డులోకి ఎక్కదు. నమూనాను ప్రయోగశాలకు పంపించాలి. అంతవరకూ మాత్రం జాగ్రత్త." జోగారావు గొంతు సవరించుకుని నిబంధన అప్పజెప్పాడు. "ప్రాణి యొక్క గుర్తింపు ముగియువరకు దాని ఆతిథేయ వృక్షమును ఎవరును తుంచరాదు, విరువరాదు, కదుపరాదు."

"తుంచకుండా నమూనా ఎలా పంపుతారండి?"

జోగారావు కాసేపు ఆలోచించాడు. "నోడల్ అధికారికి మినహాయింపు ఉంటుంది" అని లేత రెబ్బలు నాలుగు తుంచి జేబులో వేసుకున్నాడు. మర్నాడు వచ్చి, నిన్నటి నమూనా వాడిపోయిందని మళ్ళీ తుంచుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా జోగారావు ఇంట్లో చారు వీధి చివరిదాకా ఘుమాయించిందని ఇరుగుపొరుగులు చెప్పుకున్నారు. ప్రయోగశాలకు మాత్రం ఏమీ అందలేదు.

"మరి మా తాలింపు మాటేటండి?" అని వీరవేణి అడగకపోలేదు.

"ప్రజాప్రయోజనం ముందు తాలింపు ఎంతమ్మా" అన్నాడు జోగారావు.

చెట్టు చుట్టూ పసుపుపచ్చ రిబ్బను కట్టారు. వీరవేణి బజారుకెళ్ళి కరివేపాకు కొనుక్కొచ్చింది. ఆ చెట్టు ఎదిగినప్పటి నుంచీ ఎన్నడూ ఎరగని పని అది. ఆ ఆకుతో చేసిన పొడి నాలుక మీద వేసుకుని, రోజూ వచ్చే రైసుమిల్లు గుమస్తా, "చెయ్యేమైనా మారిందా వీరవేణీ?" అన్నాడు. ఆవిడకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ మధ్యాహ్నం తను వండిన అన్నం తనకే రుచించలేదు.

ఇంతవరకూ ఫరవాలేదు. ఇలాంటివి ఊళ్ళల్లో జరుగుతూనే ఉంటాయి, నాలుగు రోజులకు సర్దుకుంటాయి. అసలు గొడవ ఒక్క మాట దగ్గర మొదలైంది.

పురుగు ఏ మొక్కను తిని బతుకుతుందో ఆ మొక్కను సైన్సు పుస్తకాల్లో ఆతిథేయి అంటారు. పుస్తకం రాసినవారు అక్కడితో ఆగారు. జోగారావు ఆగలేదు. మొక్క ఆతిథేయి అయితే పురుగు అతిథే కదా అని తర్కించి, పైవారికి ఇలా నివేదించాడు: 'సోమిదేవరమునకు ఒక అతిథి విచ్చేసియున్నారు. గుర్తింపు కావలసియున్నది. ఆతిథేయి వివరములు తెలిసినవి. తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.' కమిషనర్ గారు చదవకుండా సంతకం పెట్టారు. కలెక్టరాఫీసులో గుమస్తా మొదటి వాక్యం వరకూ చదివి, తడుముకోకుండా దాన్ని ప్రముఖుల రాకపోకలు చూసే ప్రోటోకాల్ విభాగంలో పడేశాడు.

ప్రోటోకాల్ తహసీల్దారు హైమావతి గారు ఎంతోమంది పెద్దల్ని గోదారి గట్టు మీద దింపి, తినిపించి, రైలెక్కించిన మనిషి. వచ్చినవాడెవడో ఆవిడకి అక్కర్లేదు. వచ్చాడంటే చాలు. వెంటనే జోగారావుకి ఫోను చేశారు.

"అతిథి ఎక్కడ దిగారు?"

"కరివేపాకు చెట్టు మీదండి."

ఈ మధ్య హోటళ్ళకు అలాంటి పేర్లే పెడుతున్నారు కాబట్టి ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఏసీ ఉందా?"

"గాలి బాగా ఆడుతుందండి మేడమ్."

"వెంట ఎంతమంది వచ్చారు?"

"ఒక్కరేనండి. చాలా నిరాడంబరంగా ఉన్నారు."

"భోజనం?"

"ఆకుకూర ఒక్కటేనండి. కానీ అస్తమానూ తింటూనే ఉన్నారండి."

"మంచిది. పై అధికారులైతే అలాగే ఉంటారు" అని ఆవిడ ఫోను పెట్టేసి, పొద్దున్నే పూలగుత్తితో సోమిదేవరం వచ్చారు.

కొట్టులోంచి పెరట్లోకి నడిపించుకెళ్ళి వీరవేణి ఆకు చూపించింది. హైమావతి గారు పురుగును చూశారు, చేతిలో పూలగుత్తిని చూశారు, వెనక ఉన్న జోగారావును చూశారు. ఇంకొకరైతే తిట్టి వెళ్ళిపోయేవారు. కానీ ఆవిడ ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక సంగతి బాగా నేర్చుకున్నారు. తహసీల్దారు స్థాయిలో తప్పు జరగదు. జరిగితే దాన్ని నిర్ణయం అంటారు.

"స్థాయి ఏదైనా అతిథి అతిథే" అన్నారు, పూలగుత్తిని చెట్టు మొదట్లో పెట్టి. "గోదావరి జిల్లాకి వచ్చినవారెవరూ మర్యాద తక్కువైందని వెళ్ళకూడదు. ఏర్పాట్లు చూడండి."

జిల్లా మర్యాద అనేసరికి అందరికీ పౌరుషం పొడుచుకొచ్చింది. చెట్టుకి నీడ కావాలని షామియానా వేశారు. ఎండ తగలక చెట్టు వాడుతోందని లైట్లు పెట్టారు. ఎర్ర తివాచీ పరిచారు. అప్పన్న అనే కానిస్టేబుల్ని కాపలా పెట్టారు. పూతరేకులు, కాజాలు పళ్ళేలలో తెచ్చి చెట్టు ముందు పెడితే అతిథి వాటి వంక కూడా చూడలేదు.

"కొత్తల్లుడు కూడా మొదటిపూట మొహమాటపడతాడు. రోజూ మార్చి పెట్టండి" అన్నారు హైమావతి గారు. అప్పన్నకి అలాంటి మొహమాటాలు లేవు కాబట్టి పళ్ళేలు రోజూ ఖాళీ అయ్యాయి, అతిథి స్వీట్లు స్వీకరిస్తున్నట్లు రోజూ పైకి కబురు వెళ్ళింది.

చూడ్డానికి జనం బారులు తీరారు. తన పెరట్లో తన చీర ఆరేసుకోవడానికి వీరవేణికి పాసు కావాల్సి వచ్చింది. గవర్రాజుకి మెళ్ళో వేసుకునే కార్డు ఇచ్చారు, దాని మీద 'ఆతిథేయి తాలూకు' అని ఉంది. ఆయన దాన్ని స్నానానికి వెళ్ళినప్పుడు కూడా తీసేవాడు కాదు.

"ఆ కార్డేదో కూరలో వేసుకుని తినండి. రుచొత్తది" అంది వీరవేణి.

"నీకన్నీ వెటకారమే. మనింటికి తహసీల్దారు ఎప్పుడైనా వచ్చేరా చెప్పు" అన్నాడు గవర్రాజు.

ఈ వైభోగం ఇలా సాగుతుండగా ఒక పొద్దున జోగారావు నమూనా కోసం వచ్చి, చెట్టు వంక చూసి, కొయ్యబారిపోయాడు. పిట్ట రెట్ట లేదు. దాని చోట వేలంత లావున, ఆకుపచ్చగా నిగనిగలాడుతూ ఇంకో పురుగు కూర్చుని ఆకు నములుతోంది.

ఫోటోలో అతిథి నలుపు తెలుపు. ఇక్కడున్నది పచ్చ. ఫోటో ప్రభుత్వ రికార్డు కాబట్టి ఫోటో తప్పు కావడానికి వీల్లేదు. అంటే అసలు అతిథి మాయమయ్యాడు, ఇంకెవడో వచ్చి ఆయన చోట్లో కూర్చున్నాడు. జోగారావు గాభరాపడి హైమావతి గారికి చెప్పాడు, ఆవిడ పోలీసులకు చెప్పారు. అతిథి అదృశ్యం కింద కేసు కట్టి ఎస్సై స్వయంగా వచ్చాడు.

"ఆఖరిసారి ఎవరు చూశారు?"

"కాపలా అప్పన్న గారిదేనండి" అంది వీరవేణి.

"నేను పళ్ళేల కాపలాలో ఉన్నానండి" అన్నాడు అప్పన్న, మూతి తుడుచుకుంటూ.

ఎస్సై లాఠీ కొసతో పచ్చ పురుగును కదిపాడు. మరుక్షణం దాని తలలోంచి ఎర్రగా రెండు కొమ్ములు బయటికి పొడుచుకొచ్చాయి. కుళ్ళిన నిమ్మకాయలాంటి కంపు గుప్పుమంది. ఎస్సై రెండడుగులు వెనక్కి గెంతి తివాచీ తట్టుకుని పడబోయాడు. విధి నిర్వహణలో ఉన్న అధికారిపై కొమ్ములు విసిరినందుకు ఆ పురుగు మీద రెండో కేసు కట్టారు.

వీరవేణికి పురుగుల గురించి ఏమీ తెలియదు. కానీ ఎదురుగా కనిపిస్తున్నదాన్ని ఇంతమంది కాదంటుంటే ఆవిడకి ఒళ్ళు మండింది. "జోగారావు గారండి, ఒక్క మాటండి. మీ మెళ్ళో కార్డు మీద ఫోటోలో ఒత్తుగా జుట్టుందండి. ఇప్పుడు లేదు. ఆయన్నెవర్నో మాయం చేసేసి ఆయన కుర్చీలో మీరొచ్చి కూర్చున్నారని ఎవరైనా కేసెట్టేరాండి? ఇదీ అదేనేమో. పెరిగి రంగు తిరిగిందేమో."

అప్పన్న నవ్వాపుకోలేక అటు తిరిగాడు. జోగారావు బట్టతల తడుముకుని, "నా జుట్టు క్రమేపీ ఊడింది. శాఖ దృష్టిలో ఉంటూనే ఊడింది" అన్నాడు గంభీరంగా. "దీని రంగు శాఖకు తెలియకుండా మారింది. రెండింటికీ పోలిక లేదు."

ఎస్సై చూపు పెరట్లోంచి వంటింటి మీదకి మళ్ళింది. కరివేపాకు మీద ఉన్న అతిథి, పక్కనే పొయ్యి మీద పప్పుచారు. "తాలింపులో పడి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టొచ్చింది. వీరవేణి చారులో పురుగట అన్నవాళ్ళూ, ప్రభుత్వ పురుగట అన్నవాళ్ళూ కూడా కొట్టు వైపు రావడం మానేశారు. వచ్చినా లాభం లేదు, చీకటి పడకముందే అధికారులు తలుపులకు లక్క వేసి సీలు చేశారు. అతిథి దొరికేవరకూ తీసేది లేదన్నారు.

వీరవేణి సీలు ముందు అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ సులువుగా ఏడ్చే మనిషి కాదు. పొయ్యి వెలిగితేనే ఆ ఇంట్లో నాలుగు మెతుకులు, ఆ సంగతి ఒకటి. ఎవరి నోటికీ ఎన్నడూ అపకారం చేయని తన చేతి వంటలో పురుగు వెతికారన్నది రెండోది. ఆ రెండోదే ఎక్కువ నొప్పెట్టింది. గవర్రాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. మెళ్ళో కార్డు తీసి, మడిచి, కాలవలో పారేశాడు.

"నేను ఫోటో పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నేను కేకెయ్యకుండా ఉండాల్సింది లెండి" అంది వీరవేణి.

కొన్నాళ్ళకు పచ్చ పురుగు కూడా కనబడకుండా పోయింది. ఓ కొమ్మకి పచ్చటి కాయలాంటిదేదో సన్నటి దారం నడుముకి కట్టుకుని వేలాడుతోంది. అతిథి వసతి ఏర్పరచుకున్నాడా, లేక చొరబాటుదారు కట్టుకున్నాడా అన్నది తేలక జోగారావు పట్టణ ప్రణాళికా విభాగాన్ని పిలిచాడు. వాళ్ళు వచ్చి టేపుతో కొలిచి, చుట్టూ ఖాళీ స్థలం వదలకుండా, ప్లాను అనుమతి పొందకుండా కట్టిన నిర్మాణమని తేల్చి, కొమ్మకి నోటీసు అంటించారు. కాయ సమాధానం ఇవ్వలేదు.

పురుగుకి ఎర్ర తివాచీ పరిచిన ఊరని సోమిదేవరం పేరు ఈలోగా రాజధాని దాకా పాకింది. పథకం చూసే మంత్రిగారు స్వయంగా వచ్చి, ఆతిథేయ వృక్షం దగ్గర శిలాఫలకం ఆవిష్కరిస్తానన్నారు. కమిషనర్ గారికి ముందు ఆనందమేసింది, తర్వాత గుండె జారింది. చూపించడానికి అతిథి లేడు.

"కంగారెందుకండి" అన్నారు హైమావతి గారు. "అతిథి లేకపోతేనేం, ఆయనకన్నా పెద్ద అతిథి వస్తున్నారు. పెద్దవారు వచ్చినప్పుడు చిన్నవారిని ఎవరడుగుతారు? ముందు భోజనం సంగతి చూడండి. మంత్రిగారికి ఇంటి వంట కావాలట."

ఇంటి వంట అనగానే అందరూ సీలు వేసిన తలుపు వంక చూశారు. వంట నిమిత్తం లక్క పగలగొట్టారు. తన చారులో పురుగుందన్న మనుషులే ఇప్పుడు మజ్జిగపులుసు, కందిపచ్చడి, కరివేపాకు కారప్పొడి తప్పనిసరిగా ఉండాలని చెప్పి వెళితే వీరవేణి వెళ్ళి పొయ్యి వెలిగించింది. కొట్టు తెరుచుకుంది, ఆవిడకి ఆ పూటకి అదే చాలనిపించింది.

పెరట్లో వేదిక కట్టడానికి మనుషులు దిగారు. జోగారావు తాడు పట్టుకుని అటూ ఇటూ కొలిచాడు. ఎలా కొలిచినా మంత్రిగారి కుర్చీ కచ్చితంగా చెట్టున్న చోటే వస్తోంది. ఆయన గొడ్డలి వాణ్ణి పిలిచాడు.

వీరవేణి వంటింట్లోంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏటండిది? ఒక్క రెబ్బ కూడా తుంచకూడదన్నారు కదండి. చెట్టు కొట్టేత్తారేటండి?"

"నిబంధన మరోసారి విను తల్లీ" అన్నాడు జోగారావు, చాలా ఓర్పుగా. "తుంచరాదు, విరువరాదు, కదుపరాదు. నరకరాదని ఎక్కడైనా ఉందా?"

"మరి ఈ చెట్టు కోసమే కదండి ఆ రాయి పెడతన్నారు?"

"అందుకేనమ్మా, రాయికి చోటు కావాలి."

గొడ్డలి వాడు చెట్టు వంకా ఆవిడ వంకా చూసి, "నన్నేం చెయ్యమంటావు అక్కా" అన్నట్టు నిలబడ్డాడు. వీరవేణి వెళ్ళి, నోటీసు అంటించిన కొమ్మను తనే విరిచింది. ఆ కాయలో ఏముందో ఆవిడకి తెలియదు. ఏదైతేనేం, ఇంటికొచ్చి చేరింది. ఆ కొమ్మను తీసుకెళ్ళి వంటింటి కిటికీ ఊచకి దారంతో కట్టింది. వెనక గొడ్డలి దెబ్బ పడుతుంటే పొయ్యి దగ్గర నిలబడి గరిటె గట్టిగా తిప్పింది.

"ఆకు వృథా చేయకండి, వంటలోకి వాడండి" అని జోగారావు నరికిన కొమ్మలన్నీ లోపలికి పంపించాడు. ముందు మాత్రం ఓ గుప్పెడు నమూనా తీసుకున్నాడు. అదే ఆఖరి పొడి అనుకుని వీరవేణి ఆ ఆకును కడిగి, నీడన ఆరబెట్టి, ఎండుమిరపకాయలతో వేయించి దంచింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఎవరైనా అడిగితే మిరపకాయల ఘాటని చెబుదామనుకుంది గాని ఎవరూ అడగలేదు.

మంత్రిగారు వచ్చారు, తిన్నారు. మజ్జిగపులుసు రెండుసార్లు వేయించుకున్నారు. కరివేపాకు సువాసన ఉంటేనే భోజనమని పక్కనున్న కమిషనర్ గారితో అన్నారు. అంటూనే పులుసులో ఉన్న ఆకులను ఒక్కొక్కటే వేళ్ళతో ఏరి, అరిటాకు అంచున కుప్ప పెట్టారు. మంత్రిగారు పెట్టారు కాబట్టి బంతిలో అందరూ అలాగే పెట్టారు. వడ్డిస్తున్న వీరవేణి ఆ కుప్పల్ని చూసుకుంటూ వరస చివరిదాకా వెళ్ళింది. కూరలో కరివేపాకు సామెత ఆవిడకీ తెలుసు. చెట్టు మొత్తాన్ని అలా చూడటం మాత్రం అదే మొదలు.

భోజనాలయ్యాక సభ. ఆశ్రయించిన ప్రాణిని ఆదరించడం మన సంస్కృతి అని మంత్రిగారు మైకులో చెబుతుండగా, వీరవేణి గిన్నెలు తోముతూ కిటికీ వైపు చూసింది. కొమ్మకున్న కాయ చీలి ఉంది. దాని పక్కన ఊచ పట్టుకుని నల్లటి రెక్కల సీతాకోకచిలుక ఒకటి, అప్పుడే తలంటుకున్నట్టు నలిగి తడిగా కూర్చుంది. మెల్లగా రెక్కలు సాపు చేసుకుంది. అంచుల వెంట తెల్లటి మచ్చలు వరసగా ఉన్నాయి. ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. రెట్ట, పచ్చ పురుగు, కాయ, ఇది, అన్నీ ఒకటేనని అప్పుడు అర్థమై, ఇంతమందికి పట్టని సంగతి ఇంత చిన్నదా అని నవ్వొచ్చింది.

అది లేచి కిటికీలోంచి పెరట్లోకి వెళ్ళింది. వేదిక మీదుగా ఎగిరి, శిలాఫలకానికి కప్పిన ముఖమల్ గుడ్డ మీద వాలింది. సరిగ్గా మంత్రిగారు తాడు లాగబోతున్నారు.

"ఆ పురుగుని తోలండి, ఫోటోలో పడుతోంది" అన్నారు హైమావతి గారు.

జోగారావు చంకలో ఉన్న అతిథి గుర్తింపు ఫైలు తీసి విసురుగా విసిరాడు. సీతాకోకచిలుక పైకి లేచింది. చెట్టున్న చోట ఓ చుట్టు తిరిగి, అక్కడేమీ లేకపోయేసరికి గోడ దాటి వెళ్ళిపోయింది. చప్పట్లు మోగాయి, అవి రాయి కోసం.

"వెళ్ళిరా నాయనా" అంది వీరవేణి కిటికీ దగ్గర నుంచి. గోదారి జిల్లాలో ఇంటికొచ్చినవాణ్ణి వెళ్ళమనరు, వెళ్ళి రమ్మంటారు.

సోమిదేవరానికి షీల్డు వచ్చింది. ఫలకం మీద, 'ఇచ్చట ఒక ఆతిథేయ వృక్షము కలదు. జాతి: నిర్ధారణ కావలసియున్నది' అని చెక్కి ఉంది. అతిథి అదృశ్యం కేసు అలాగే ఉంది. కొట్టు సీలు చేయమన్న ఉత్తర్వు రద్దు కాలేదు, పగలగొట్టిన లక్క మళ్ళీ వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. వీరవేణి గుర్తు చేయలేదు. బజారు ఆకుతోనే పొడి చేసి అమ్ముతోంది. రైసుమిల్లు గుమస్తా మళ్ళీ వస్తున్నాడు గాని, పొడి గురించి ఏమీ అనడం లేదు.

కరివేపాకు చెట్టుని నరికినవాళ్ళకి దాని వేళ్ళ సంగతి తెలియదు. వానలు పడగానే ఫలకం చుట్టూ, సిమెంటు దిమ్మె పగుళ్ళలోంచి కూడా, పిలకలు గుంపులు గుంపులుగా లేచాయి. శీతాకాలానికి నడుమెత్తు వచ్చాయి. నల్లటి రెక్కలవి అప్పుడప్పుడు గోడ దాటి వచ్చి ఆ లేతాకుల మీద వాలి, ఏదో పనున్నట్టు క్షణం ఆగి వెళ్ళేవి.

ఒక పొద్దున వీరవేణి రెబ్బలు తుంచుతుంటే జోగారావు వచ్చాడు. నమూనాల అలవాటు ఆయనకి ఇంకా పోలేదు. ఫలకం పక్కన వంగినవాడు ఆగిపోయి, ఓ ఆకు మీదకి వేలు చూపించాడు.

"ఏమ్మా, ఇదేమిటి? నల్లగా తెల్లగా?"

గవర్రాజు అరుగు మీద నుంచి మెడ చాచాడు. వీరవేణి తీరిగ్గా తుంచుతున్న రెబ్బ తుంచి, కొంగులో వేసుకుంది.

"పిట్ట రెట్టండి. ముట్టుకోకండి, కంపు."

జోగారావు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పక్క పిలకకి జరిగి నాలుగు రెబ్బలు తుంచుకుని, వెళ్ళొస్తానని వెళ్ళాడు. మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగాక రెట్ట తల ఎత్తి, ఆకు అంచు కొరకడం మొదలుపెట్టింది.

గవర్రాజు చెయ్యి అలవాటుకొద్దీ చొక్కా జేబులో ఫోను దగ్గరకు వెళ్ళింది. వీరవేణి చూసింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఆగి, ఛాతీ గోక్కుని, కిందికి దిగి రబ్బరుబ్యాండ్లు వెతుక్కుంది.